కప్పిన కాగితం

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. పోయిన వారం ఈ కథ పత్రికలో రాలేదు. నా చేతికి వేగం లేదు. చదువుకున్నవాళ్లు గంటలో రాసే పుట నాకు ఒక పగలంతా పడుతుంది. మా ఆయన పోయిన తరువాత, జుట్టు నెరిశాక, సాయంత్రపు బడిలో పట్టుకున్న అక్షరాలు ఇవి. ఒత్తులు జారిపోతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. పత్రికవాళ్లు దిద్దగలిగినన్ని దిద్దుతారు. మిగిలిన తప్పులు నావి.

ఇక కథ ఎక్కడ ఆగిందో చెబుతాను.

క్యాథరిన్ ఆండర్సన్‌పేటలో మూతపడిన చెరకురసం అంగడి తీసుకుని అందులో అచ్చుబొమ్మలు వేస్తుంది. సంతలో కొని తెచ్చిన చెరకు మిషన్ ఇనుప రోలర్లే ఆమెకు అచ్చుయంత్రం. కోలారు బంగారు గనులు మూసేశాక ఎవరికీ పట్టని చోట్లే ఆమె బొమ్మల్లో ఉంటాయి: గనిలోకి మనుషులను దింపిన షాఫ్టుల మీద తుప్పుపట్టి నిలబడిన చక్రాలు, కప్పు ఎగిరిపోయిన మిల్లు షెడ్లు, బంగారం తీశాక పారబోసిన, చెట్టు మొలవని సైనైడ్ మట్టి దిబ్బలు, మనుషులు ఖాళీ చేసి పోయిన కూలీల ఇళ్ల వరసలు, అంటే లైన్లు. ఆ లైన్ల ఇళ్లకు తడికె గోడలు. సందుల్లోంచి గాలీ దుమ్మూ రాకుండా ప్రతి ఏడూ క్రిస్మస్‌కు ముందు లోపలి గోడంతా పాత పేపర్లు అతికించేవారు. పురుగు పట్టకుండా మైదా గంజిలో మైలుతుత్తం కలిపేవారు. పాతది పీకేవారు కాదు, దాని మీదే కొత్తది. అట్లా ఏళ్ల తరబడి పొర మీద పొర పేరుకుని అట్టలా తయారయ్యేది. క్యాథరిన్ ఆ అట్టను గోడనుంచి కోసి తెచ్చి, తొట్టిలో నానబెట్టి, పొరలు విడదీసి, చించి, కొత్తగా కూర్చి అతికించి, దానిపైన చెక్కలో చెక్కిన షెడ్లనూ దిబ్బలనూ అచ్చు వేస్తుంది.

పోయిన భాగంలో, ఊరిగాం దగ్గర తాము ఒకప్పుడు కాపురమున్న లైను ఇంటిని జేసీబీ కూల్చకముందే, పొయ్యి పక్క గోడ కాగితాన్ని ఆమె కోసి తెచ్చుకుంది. ఆ ఇంట్లోంచే ఆమె తల్లి ఆలిస్ మాయమైంది. క్యాథరిన్ అప్పుడు రెండో తరగతి. ఎవడితోనో లేచిపోయిందని లైనంతా అనుకుంది. తండ్రి సెబాస్టియన్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

తొట్టిలో నానిన ఆ అట్టలోంచి ఒక కాగితం విడివడింది. దానికి మైలుతుత్తం నీలిఛాయ లేదు. గంజి ముద్దలు ముద్దలుగా ఉంది, రాగిపిండి గంజి. పండగ కోసం తీరిగ్గా అతికించింది కాదు. ఎవరో తొందరలో గోడకు చరిచిన కాగితం. దాని కింద పొర గోడ చెమ్మకు మురిగి పొడైపోయింది. ఆ కాగితం గోడవైపు ముఖాన, ఎండిన నెత్తుటి రంగులో, ఒక మనిషి అరచెయ్యి. బొటనవేలు కుడిపక్కకు ఉంది. ఎడమచెయ్యి. చిటికెన వేలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

సెబాస్టియన్ ఎడమచేతికి చిటికెన వేలు లేదు. గనిలో పోయింది.

ఆదివారం మధ్యాహ్నం సెబాస్టియన్ చర్చినుంచి నడిచి వచ్చాడు. అంగడి గడప దగ్గర నిలబడి ఊపిరి తీసుకున్నాడు. గనిలో పీల్చిన రాతిదుమ్ము ఆయన రొమ్ములో పాతబడిన తిత్తిలా బుసకొడుతుంది.

"ఏం పాపా, పూజకు రాలేదు? ఫాదర్ అడిగినాడు నిన్ను."

"పని ఉండాది."

"ఆదివారం గూడా పనేనా? దేవుడే సుమ్మా, ఊరికే కూసున్న పొద్దు ఇది."

"దేవునికి గోడలు కోసే పని లేదు గదా. రా నాయనా, ఇట్ల కూసో."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. చర్చికి తొడిగే తెల్లచొక్కా వీపున తడిసి అంటుకుంది. తొట్టిలోకి తొంగిచూసి నవ్వాడు.

"ఈ కాగితం సింపులకు అద్దాలు కట్టి బెంగుళూరోళ్లు గోడకు తగిలించుకుంటారంట! మేం గోడకు అతికించుకున్నెప్పుడు ఒక్కడూ వచ్చి చూడలే. బంగారం తవ్వినన్నాళ్లు మా కాగితాల మొగం చూసినోడు లేడు."

క్యాథరిన్ నవ్వలేదు. గాజు పలక మీద నల్ల ఇంకు వేసి రోలరుతో పరుస్తోంది. ఇంకు జిగురుగా చప్పుడు చేసింది. పలచగా, సమంగా పరుచుకున్నాక ఆమె తలెత్తింది.

"ఎడమచెయ్యి ఇయ్యి."

"ఎందుకు?"

"బొమ్మకు కావాల."

"నా చెయ్యా? దాంట్లో ఏముండాదని? వేళ్లు గూడా సరిగ్గా లేవు." అంటూనే చేయి చాచాడు. కూతురు ఏదైనా అడిగితే ఆయనకు అంత సంబరం. ఆమె రోలరును ఆయన అరచేతి మీద నడిపింది. "చక్కిలిగిలి పెడతాది పాపా" అని చిన్నపిల్లాడిలా భుజాలు దగ్గరికి తీసుకున్నాడు.

ఆమె ఆ చేతిని తెల్లకాగితం మీద పెట్టి, దానిమీద తన రెండు చేతులూ పెట్టి, ఒంటి బరువంతా మోపి నొక్కింది. చేయి తీసింది. కాగితం మీద నల్లటి అరచెయ్యి. బొటనవేలు కుడిపక్కకు. చిటికెన వేలి చోట ఖాళీ.

అప్పుడు బట్ట కింద దాచిన గోడకాగితాన్ని తెచ్చి దాని పక్కన పరిచింది. నల్లచెయ్యి, నెత్తుటిచెయ్యి. బొటనవేలు అటే. ఖాళీ అటే.

"ఇది యాడిదో తెలుసునా నాయనా?"

సెబాస్టియన్ కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆయన మొహంలో నవ్వు ఆరిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి.

"మన ఇంటి గోడ. పొయ్యి పక్కది," అంది ఆమె. "ఈ నెత్తురు అమ్మదేనా?"

ఆయన కుడిచేత్తో కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అడిగేది నిన్నే."

"పాతవి తవ్వొద్దు పాపా. తవ్వి తవ్వి ఈ ఊరికి ఏం మిగిలిందో చూసినావు గదా."

ఆ మాటకు ఆమె లోపల ఏదో తెగింది.

బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. లేచిపోయినదాని కూతురు అని పిలిచేవారు. నీళ్ల కొళాయి దగ్గర ఆమె బిందెను కాళ్లతో తన్నేవారు. జడ పట్టుకుని మురికికాలవ గట్టున కూర్చోబెట్టి, "మీ అమ్మ ఏ బండెక్కింది?" అని అడిగి నవ్వేవారు. ఒకనాడు ఇంటికి వచ్చి తల్లి ఫోటోను తనే పొయ్యిలో వేసింది. కాలుతున్న ఫోటో ముందు కూతురు నిలబడితే, ఈ మనిషి వాకిట్లో బీడీ కాలుస్తూ చూశాడు. వద్దని ఒక్క మాట అనలేదు.

ఆమె తండ్రి మణికట్టు పట్టుకుని లాగింది. స్టూలు పడిపోయింది. ఆయనను ఈడ్చుకుంటూ యంత్రం దగ్గరికి తీసుకుపోయి, ఇంకు పూసిన చేతిని బల్ల మీద పరిచి, వేళ్లను రెండు రోలర్ల సందుకు ఆనించింది. ఇంకో చేత్తో చక్రం పట్టుకుంది.

"చెప్తావా, తిప్పుదునా?"

ఆయన చేయి వెనక్కి లాక్కోవచ్చు. ముసలివాడైనా బండరాయి మోసిన చెయ్యి అది. లాక్కోలేదు. ఆ రోలర్ల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"తిప్పు," అన్నాడు.

ఆ మాట వినగానే ఆమెకు అంతా తేలిపోయినట్టయింది. తప్పు చేయనివాడు చేయి ఇట్లా పెట్టి నిలబడతాడా? ఆమె చక్రం తిప్పింది. ఇనుము కిర్రుమంది. నడిమివేలు గోరు రోలరు కిందికి పోయి పగిలింది. సెబాస్టియన్ అరిచాడు. ఆ అరుపు వీధిలోకి వినబడింది. ఎదురు అంగడి మెట్ల మీద పడుకున్న కుక్క లేచి మొరిగింది. నల్ల ఇంకులోంచి ఎర్రగా నెత్తురు చిమ్మి ఆమె చీర మీద పడింది.

ఆమె చక్రం వెనక్కి తిప్పింది. జాలితో తిప్పలేదు, చెయ్యి నుజ్జయిపోతే నోరు తెరవడని తిప్పింది. ఆయన చేతిని గుండెకు అదుముకుని వంగిపోయాడు. తెల్లచొక్కా మీద నల్లగా, ఎర్రగా మరకలు పడ్డాయి.

"చంపినావా?"

ఆయనకు దగ్గు తెర వచ్చింది.

"చంపి, నెత్తురు కనపడకుండా కాగితం అతికిస్తివి. దాని పక్కనే పొయ్యి ముట్టించి నాకు అన్నం వండి పెడితివి. ఆ గోడకు వీపు ఆనించి కూసోని నేను చదువుకుంటి! చెప్పు!"

"పాపా..."

"పాపా అనొద్దు!"

చెక్కల మీద ఉలిని కొట్టే కర్రసుత్తి ఆమె చేతికి తగిలింది. ఎత్తి కొట్టింది. భుజం మీద పడింది. ఆయన చేయి అడ్డం పెట్టలేదు. రెండో దెబ్బ కనుబొమ్మ మీద పడి చర్మం చీలింది. సెబాస్టియన్ కాళ్లు మడతపడి బల్ల మీద బోర్లా పడ్డాడు. అచ్చులు తుడవడానికి పేర్చి ఉన్న పాత పేపర్లు చెదిరి ఆయన కింద నలిగాయి. ఇంకు డబ్బా దొర్లి నేల మీద పడింది.

ఆమె మూడోసారి సుత్తి ఎత్తింది. ఆయన రొమ్ము బుసకొట్టడం ఆగింది. ఆ నిశ్శబ్దం ఆమె చేతిని గాలిలోనే ఆపేసింది.

"నాయనా?"

సుత్తి బల్ల మీద పడేసి ఆయన చంకల కింద చేతులు పెట్టి పైకి లేపింది. ఒక్క క్షణం, తరువాత ఇంకో క్షణం. ఆయన గొంతులో గురక పుట్టి, బలమైన దగ్గు వచ్చి, ఊపిరి మళ్లీ ఆడింది. ఆమె ఆయనను గోడకు ఆనించి కూర్చోబెట్టింది. కొంగుతో కనుబొమ్మ మీద నెత్తురు అదిమింది.

ఆయన చొక్కాకు ఒక పేపరు అంటుకుని వేలాడుతోంది. బల్ల మీద ఆరని నల్లచేతి అచ్చు మీద పడిన పేపరు అది. ఆయన ఒంటి బరువుకు అచ్చు దానికి ఎత్తుకుంది. ఆమె దాన్ని లాగి పక్కన పడేయబోయి ఆగింది.

పేపరు మీద నల్లటి అరచెయ్యి. ఆమె ఇందాక తీసిన చెయ్యే. కానీ బొటనవేలు ఎడమపక్కకు ఉంది.

ఆమె బల్ల మీద అచ్చు చూసింది. బొటనవేలు కుడికి. చేతిలో పేపరు చూసింది. బొటనవేలు ఎడమకు.

ఆమెకు ఇది కొత్త సంగతి కాదు. చెక్కలో షెడ్డును కుడివైపు చెక్కితే కాగితంలో ఎడమవైపు పడుతుందని లెక్కవేసుకునే ఆమె ప్రతి బొమ్మా మొదలుపెడుతుంది. ఒకదాని మీద కప్పిన కాగితం దాన్ని తిరగేసే ఎత్తుకుంటుంది. తొట్టిలో విడివడిన గోడకాగితం నెత్తుటి చెయ్యి మీద కప్పిన కాగితం. చెయ్యి పడింది దాని కింద పొర మీద. ఆ పొర మురిగి పోయింది. రాగిగంజి తడికి ఎండీ ఎండని నెత్తురు కరిగి పై కాగితానికి ఎత్తుకుంది. ఆమె చూసింది ఆ తిరగబడిన చేతిని. ఎప్పుడూ చేయని తప్పు ఈ ఒక్క చోట చేసింది. తన పని తనే మరిచి, తండ్రి చేతిని పక్కన పెట్టి సరిపోయింది అనుకుంది.

గోడ మీద పడింది ఎడమచెయ్యి కాదు. కుడిచెయ్యి.

ఆమె తండ్రి కుడిచేతిని పట్టుకుని చూసింది. ఐదు వేళ్లూ ఉన్నాయి. మొరటుగా, పగుళ్లతో, ఐదూ ఉన్నాయి.

"నాయనా, ఇది నీ చెయ్యి కాదు."

సెబాస్టియన్ చీలిన కనుబొమ్మ కిందినుంచి ఆమెను చూశాడు. కంట్లోకి కారిన నెత్తురు తుడుచుకోలేదు.

"కాదని నాకు తెలుసు గదమ్మా," అన్నాడు.

అప్పుడే ఆమెకు లైన్లలో పాత వేళాకోళం గుర్తుకు వచ్చింది. ప్రతి పెళ్లిలోనూ, తాగినవాడల్లా చెప్పి నవ్వేవాడు. గని లోపల రాయి మోసే ట్రాలీ బండ్లకు కొక్కెం తగిలించేటప్పుడు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి గొలుసు పట్టుకున్నారు. బండి జారి వచ్చి కొట్టింది. ఒకడికి ఎడమ చిటికెన వేలు, ఎదురుగా ఉన్నవాడికి కుడి చిటికెన వేలు ఒకే దెబ్బకు పోయాయి. "బావనూ బామ్మర్దినీ కలిపితే ఒక మనిషికి సరిపడా వేళ్లు ఉండాయిలే" అని నవ్వేవారు.

బావ సెబాస్టియన్. బామ్మర్ది జెరోమ్. ఆలిస్ సొంత తమ్ముడు.

జెరోమ్ మామ. ఆమె బడికి పోనని ఏడిస్తే భుజాన ఎత్తుకుపోయినవాడు. లేచిపోయినదాని కూతురన్న పిల్లల తండ్రులను వీధిలో పట్టుకుని కొట్టినవాడు. బెంగుళూరులో బొమ్మల చదువుకు చేర్పించినవాడు. ఈ చెరకు రోలర్లను బూదికోట సంతనుంచి తన గూడ్సు ఆటోలో వేసుకొచ్చి ఇక్కడ దింపినవాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం క్యారియర్లో కూర తెచ్చి, ముగ్గురూ కలిసి తింటేనే ఇంటికి పోయేవాడు.

"నీకు ఎప్పట్నించి తెలుసు?" అని అడిగింది ఆమె.

"ఆ పొద్దే." సెబాస్టియన్ మాటకు మాటకు మధ్య ఊపిరి కోసం ఆగాడు. "షిఫ్టు దిగి ఇంటికి వచ్చినాను. పొయ్యి పక్క గోడకు కొత్త కాగితం. తడి ఆరలేదు. పండగ ఇంగ యాడుంది? వాడు గడపలో కూసోని ఉండాడు. అక్క పోయింది బావా, పొయ్యే ముందు గోడ బాగు చేసి పోయింది, అన్నాడు." ఆయన నవ్వినట్టు పెదవి వంకర తిరిగింది. "ఇల్లు ఇడిచిపెట్టి పొయ్యేది గోడకు కాగితం అతికిస్తాదా పాపా? మీ అమ్మ గంజిలో యానాడైనా రాగిపిండి కలిపిందా? లైన్లో ఏ ఆడదీ కలపదు. వానికేం తెలుసు, చేతికందిన పిండి కలిపినాడు."

"తెలిసీ ఊరికే ఉన్నావా?"

ఆయన తల దించుకున్నాడు.

"వానితో కూసోని అన్నం తిన్నావా? ఇన్నేండ్లు? నన్ను వాని భుజం మీద ఎక్కించి పంపితివా?"

"చెప్తాను. కొంచెం నీళ్లు ఇయ్యి."

ఆమె నీళ్ల కోసం లేచేలోగా వీధిలో గూడ్సు ఆటో వచ్చి ఆగింది. హారన్ రెండుసార్లు మోగింది. ఆదివారాల్లో ఎప్పుడూ మోగే తీరే.

జెరోమ్ లోపలికి వచ్చాడు. లావాటి మనిషి. నూనె రాసిన జుట్టు, మెడలో సిలువ గొలుసు. చేతిలో స్టీలు క్యారియర్.

"పందిమాంసం వండినారు ఇంట్లో. వేడిమీద..." అని ఆగాడు. నేల మీద ఇంకు, పడిపోయిన స్టూలు, గోడకు ఆనుకున్న బావ మొహం మీద నెత్తురు వరసగా చూశాడు. "ఎవరు బావా కొట్టినోడు? పేరు చెప్పు. వాని కాళ్లు ఇరిచి దిబ్బ మీద ఏసి వస్తా."

"పడినాను," అన్నాడు సెబాస్టియన్.

"నేను కొట్టినాను మామా," అంది క్యాథరిన్.

జెరోమ్ నమ్మలేదు. నవ్వబోయాడు. "నువ్వా? ఎలుకను కొట్టమంటే ఏడ్చే దానివి." అంటూ క్యారియర్ పెట్టడానికి బల్ల వైపు తిరిగాడు. అక్కడ గోడకాగితం పరిచి ఉంది.

ఆయన దాన్ని చాలాసేపు చూడలేదు. ఒక్క చూపు చాలింది. క్యారియర్‌ను నెమ్మదిగా, శబ్దం రాకుండా బల్ల మీద పెట్టాడు.

"ఆ గోడ కూలిపాయ గదా," అన్నాడు.

"కూలకముందే కోసి తెచ్చినాను."

"నీకు ఈ చదువు చెప్పించింది నేనే," అన్నాడు జెరోమ్. తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"చేతిని చూపించు మామా."

"ఎందుకు చూపించేది? నీ దగ్గర ఇంకు ఉండాది, కాగితం ఉండాది." గాజు పలక మీద ఇంకా తడిగా ఉన్న ఇంకులో తన కుడిచేతిని చరిచాడు. ఎత్తి, బల్ల మీద తెల్లకాగితం లాక్కుని దాని మీద వేశాడు. బల్ల అదిరింది. చేయి తీశాడు. నాలుగు వేళ్ల నల్లటి అచ్చు. బొటనవేలు ఎడమకు. "తిప్పి చూసుకో. సరిపోయిందా?"

ఆమె తిప్పి చూసుకోనవసరం లేదు.

"మామా, అమ్మ యాడుండాది?"

జెరోమ్ గోడకాగితాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఉండగా చుట్టాడు. తడి కాగితం గుజ్జుగుజ్జుగా నలిగింది. గట్టిగా పిండాడు. వేళ్ల సందుల్లోంచి గోధుమరంగు నీళ్లు కారి ఆయన ముంజేతుల మీదుగా మోచేతుల దాకా పోయాయి. క్యాథరిన్ ఆయన మీద పడి లాక్కోబోయింది. ఆయన మోచేత్తో ఒక్క పోటు పొడిచాడు. ఆమె వీపు యంత్రం చక్రానికి తగిలింది. నోట్లో నెత్తురు రుచి తగిలింది.

"యాడుండాది అని అడుగుతున్నావా? ఈ ఊరి కింద తవ్విన గుంతలకు హద్దుండాదా? కంపెనీకే తెలీదు ఎన్ని ఉండాయో." కాగితం ముద్దను తొట్టిలోకి విసిరాడు. "మాట్లాడకుండా ఉండు పాపా. నిన్ను పెంచింది నేను. నిన్ను కొట్టాలంటే నాకు చేతులు రావు. రాకపోయినా కొడతా."

వాకిలి వైపు నడిచి, పైకి చేయి చాచి, అంగడి షటరు కిందికి లాగాడు. రేకు గడగడమంటూ దిగి నేలకు తగిలింది. అంగడిలో వెలుతురు వెంటిలేటరు సందులోంచి వచ్చేదే మిగిలింది. వీధిలో కుక్క మళ్లీ మొరిగింది. ఆదివారం. పక్క అంగళ్లన్నీ మూసి ఉన్నాయి.

క్యాథరిన్ చేయి వెనక్కి పోయి బల్లను తడిమింది. చెక్కలు చెక్కే ఉలి దొరికింది. పట్టుకుంది.

జెరోమ్ దాన్ని చూశాడు. బల్ల మీద కర్రసుత్తిని తీసుకున్నాడు. దాని తల మీద అతని బావ నెత్తురు ఇంకా ఆరలేదు.

"నన్ను పొడిచే ముందు ఒక మాట మీ నాయన్ని అడుగు," అన్నాడు. "అక్క నాకు శత్రువా? ఒకే తట్టలో తిని పెరిగినోళ్లం. ఆ పొద్దు షిఫ్టుకు పొయ్యే ముందు నా ఇంటి తలుపు కొట్టి, పోరా మీ అక్క దగ్గరికి అని నన్ను పంపింది ఎవరు? అడుగు. ఆ మనిషి నోటితో విను."

ఆమె తండ్రి వైపు తిరిగింది. అటు తిరిగితే జెరోమ్‌కు వీపు చూపాలి. అయినా తిరిగింది.

సెబాస్టియన్ గోడ పట్టుకుని లేస్తున్నాడు. నలిగిన చేతిని గోడకు ఆనించినప్పుడల్లా సున్నం మీద ఎర్రగా పడుతోంది. నిలబడ్డాడు. ఆయన కళ్లు కూతురిని కాక ఆమె భుజం మీదుగా బామ్మర్దిని చూస్తున్నాయి.

"పంపింది నేనే," అన్నాడు.

ఉలి ఆమె చేతిలో బరువెక్కింది. దాన్ని ఎటు తిప్పాలో ఆ క్షణాన ఆమెకు తెలియలేదు.

"పంపింది నేనే పాపా. ఎందుకు పంపినానో వీడు నీకు చెప్పడు. మీ అమ్మ ఆ పొద్దు వీని గురించి ఏం కనిపెట్టిందో..."

"నోరు ముయ్యి బావా!"

"...వీడు దాచిపెట్టిన సంచిలో ఏముండాదో చూసొచ్చి నాకు చెప్పి..."

జెరోమ్ ఆమెను పక్కకు తోసి, సుత్తి పైకెత్తి, ముసలివాడి తల మీదికి దూకాడు. అడ్డం పెట్టడానికి సెబాస్టియన్‌కు ఒక చెయ్యే మిగిలింది. క్యాథరిన్ మోకాళ్ల మీద పడింది. లేవడానికి వ్యవధి లేదు. పడినచోటినుంచే, ఉలిని రెండు చేతులా పట్టుకుని, తనను మోసి పెంచిన ఆ మనిషి పక్కటెముకల వైపు పొడిచింది.

మిగతా కథ పై వారం.

ఎం. సొన్నమ్మ
వయసు అరవై ఎనిమిది
ఇప్పుడు ఉండేది బూదికోట, కోలారు జిల్లా